గడ్డి మందు దాకా ఎట్లొచ్చినం? నల్లగొండ, పాలమూరు కూరగాయల తోటల్ల కలుపు వెనక కథ

మొన్న మా ఊరికాడ బెండ తోటల ఒకాయన సాళ్ళ నడుమ గడ్డి మందు కొడుతుండు. పంపు నాజిల్‌కి పాత ప్లాస్టిక్ డబ్బా అడుగు కోసి తొడిగిండు, మందు బెండ ఆకు మీద పడొద్దని, జానెడు ఎత్తుల నాజిల్ పట్టుకొని ఒంగి ఒంగి నడుస్తుండు. హైదరాబాద్ నుంచి వచ్చిన మా చుట్టం ఒకాయన చూసి "తినే కూరగాయలకి గిట్ల కొడుతున్రా" అని మస్తు కోపం చేసిండు. ఆ కోపం తప్పని నేను అనను. కానీ ఆ రైతు ఆ డబ్బా దాకా ఎట్ల వచ్చిండో తెల్వకుండ కోపం చేస్తే ఏం లాభం, ఆయన సరదాకి కొట్టట్లేదు కదా, అందుకే గుర్తున్న కాడికి, తెలిసిన కాడికి రాస్తున్న.

మోట బావుల కాలంల కూరగాయ అంటే బావి కింద నాలుగు మడులు, అంతే. టమాటా, వంకాయ, మిర్చి, ఉల్లి, గట్టెంబడి బీర, కాకర. అచ్చు తోలి నిలువుకి అడ్డానికి సమానంగ నాటేటోళ్ళు, ఎందుకంటే ఎడ్లు గుంజే డవుర, అంటే సాళ్ళ నడుమ కలుపు తీసే పనిముట్టు, రెండు దిక్కులా తిరగాలె. డవుర తిరిగినంక మిగిలేది మొక్క మొదట్ల కలుపే, దాన్ని ఆడోళ్ళు కూసోని కుర్పితోని తీసేటోళ్ళు. తీసింది పారేసేటోళ్ళు గుడ కాదు. గరక బర్రెకి, దొగ్గలి కూర, గంగవాయిలి కూర పొయ్యి మీదికి, గునుగు ఉంటే బతుకమ్మ దాకా గట్టు మీద ఆగేది. మా అమ్మ కలుపుకి పోయిన రోజు కొంగుల ఏదో ఒక ఆకుకూర మూటతోనే ఇంటికొచ్చేది, ఆ రోజు కూర ఖర్చు లేదన్నట్టే.

ఆ కాలం బంగారం అని చెప్పట్లేదు, అది గుడ సాఫ్‌గ చెప్పాలె. కలుపు అంత మంచిగ తీయగలిగినమంటే ఆడోళ్ళ కూలి తక్కువ ఉండుడే కారణం, అదే పొలంల మగోనికి ఇచ్చే దానికంటే తక్కువ, పొద్దంత కూసోని జరుగుకుంట పోతే నడుములు మోకాళ్ళు ఏమైతయో మా అమ్మని చూస్తే తెలుస్తది. మన దగ్గర కలుపు సమస్య లేకుండె అనుకున్నం గానీ అది ఆడోళ్ళ నడుముల మీద ఉండె. అంతే తేడా.

ఇగ మార్పు ఒక్కటేసారి రాలేదు. పాలమూరు జనం వలస పోవుడు పాతదే, ప్రాజెక్టుల మట్టి పనులకి ఊర్లకూర్లు పోయేటివి, ఇంట్ల ముసలోళ్ళు పిల్లలు మిగిలేటోళ్ళు. నల్లగొండల సాగర్ కాల్వ కింద ఒక లెక్క, మిగతా మెట్ట ఊర్లల్ల బోర్ల కింద ఇంకో లెక్క. 2002ల బీటీ పత్తికి పర్మిషన్ వచ్చినంక ఎర్ర నేల, నల్ల నేల అని చూడకుండ పత్తి పరిచిండ్రు. పత్తి కలుపు, కూరగాయ కలుపు ఒకటే సీజన్‌ల పడుతది, ఉన్న మనుషులు అటు పోయిండ్రు. 2006ల ఉపాధి హామీ మొదలైంది, మొదటి విడతలనే మహబూబ్‌నగర్, నల్లగొండ రెండు జిల్లాలు ఉన్నయి. ఆడోళ్ళకి మగోళ్ళతో సమానంగ కూలి రాసుడు అక్కడ చూసినం, దాంతోని పొలంల కూలి గుడ పెరిగింది, పెరగాల్సిందే. ఆ తర్వాత కల్వకుర్తి లిఫ్ట్ నీళ్ళొచ్చిన కాడ వరి నాట్లకి గుత్తలు. పొద్దున్నే ఆటోలు నిండ పోతయి. రెండెకరాల టమాటా, బెండ పెట్టుకున్నోనికి పదిమంది కూలోళ్ళు దొరుకుడు అంటే ముందు రోజు రాత్రి ఇల్లిల్లు తిరగాలె, అయినా పొద్దున ఎంతమంది వస్తరో గ్యారంటీ లేదు.

ఎడ్లు పోయినయి, అది ఇంకో దెబ్బ. ట్రాక్టర్ వచ్చింది, రోటవేటర్ వచ్చింది, దుక్కి ఒక్క పూట పని అయిపోయింది, కానీ రోటవేటర్ తుంగ గడ్డలని, గరక వేర్లని ముక్కలు ముక్కలు చేసి చేనంత చల్లుతది, ముక్క ముక్కకి మళ్ళ మొలక. నాగలి దుక్కి ఎండాకాలంల లోతుగ చేస్తే ఆ గడ్డలు పైకొచ్చి ఎండేటివి, ఇప్పుడు ఆ దుక్కి చేసేటోళ్ళు తక్కువ.

డ్రిప్ సంగతి గుడ ఇక్కడ చెప్పాలె. 2003 నవంబర్‌ల ఉమ్మడి రాష్ట్రంల మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు మొదలుపెట్టి సబ్సిడీ మీద డ్రిప్ ఇచ్చిండ్రు, బోర్ల నీళ్ళు తక్కువున్న మన ప్రాంతానికి అది నిజంగనే ప్రాణం పోసింది. నీళ్ళు మొక్క మొదట్లనే పడుతయి, సాళ్ళ నడుమ నేల పొడిగ ఉంటది, కలుపు గుడ తగ్గుతది. అయితే పైపులు పరిచినంక డవుర తిరగదు, అడ్డం దిక్కు అసలే కుదరదు, తడి ఉన్న ఆ జానెడు జాగల మాత్రం కలుపు మొక్కని మింగేటట్టు లేస్తది. వాన పడ్డదంటే మళ్ళ చేనంత ఒకటే పచ్చగ. అంటే చేతితోని తీసే పని తగ్గింది గానీ పోలే, అదే సమయానికి చేతులు దొరకకుండ అయినయి.

కొత్త కలుపులు గుడ వచ్చినయి. వయ్యారిభామని మనోళ్ళు కాంగ్రెస్ గడ్డి అంటరు, 1955ల పుణె దగ్గర దీన్ని గుర్తువట్టిండ్రు, అమెరికా నుంచి తెప్పిచ్చిన గోధుమలతోని వచ్చిందని చెప్తరు. ఇప్పుడు చౌటుప్పల్ నుంచి జడ్చర్ల దాకా రోడ్డెంబడి అదే. ముట్టుకుంటే కొందరికి ఒళ్ళంత దద్దుర్లు, బర్రెలు మేయవు. దాన్ని తినే పురుగుని 1983ల మెక్సికో నుంచి బెంగళూరుకి తెచ్చి పెంచి వదిలిండ్రు, వానాకాలంల ఆకులు జల్లెడ చేస్తది, కానీ ఎండలకి భూమిల దాక్కుంటది, ఆలోపల గడ్డి మళ్ళ లేస్తది. ఇగ చెర్లు పూడిక తీసే మిషన్ కాకతీయ పథకంల చెరువు మట్టి తోలుకున్నప్పుడు మా చేన్లకి తుంగ గుడ తోలుకున్నం, ఆ సంగతి తర్వాత ఏడాదికి తెలిసింది. గొర్ల మంద కట్టించినా అంతే, ఎరువు బంగారమే, దాంట్ల కలుపు ఇత్తులు గుడ ఉంటయి. పెంట బాగ మాగబెట్టి వేస్తే ఆ ఇత్తులు చానావరకు చచ్చిపోతయి, పచ్చి పెంట వేస్తే మనమే చల్లినట్టు.

మరి పరిశోధన ఏం చేసింది? చేయలేదని అనలేం. దేశం మొత్తం మీద కలుపు మీద సమన్వయ పరిశోధన పథకం 1978ల మొదలైంది, మన రాజేంద్రనగర్ల దానికి సెంటర్ ఉన్నది, 1989ల జబల్‌పూర్ల కలుపు కోసమే జాతీయ కేంద్రం పెట్టిండ్రు. అయితే పని ఎక్కువ వరి, గోధుమ, మక్క, పత్తి, సోయా చుట్టే తిరిగింది. మన జిల్లాల్ల పరిశోధన కేంద్రాలు గుడ అంతే, పాలెం అంటే ఆముదం, జొన్న, కంపాసాగర్ అంటే వరి. కూరగాయలకి వేరే యూనివర్సిటీ 2007ల వచ్చింది, అది గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంల. తెలంగాణకి 2014ల సొంతంగ కొండా లక్ష్మణ్ బాపూజీ పేరు మీద ములుగుల వచ్చింది, అదే సిద్దిపేట జిల్లా ములుగు, మనకి దగ్గర ఉన్నది వనపర్తి పక్క మోజర్ల కాలేజి.

ఆ పరిశోధనల్ల రైతుకి నిజంగ పనికొచ్చే మాట ఒకటున్నది, నాటిన మొదటి నెల నెలన్నర చేను శుభ్రంగ ఉంటే టమాటా, బెండ, మిర్చిల తర్వాత వచ్చే కలుపు అంత నష్టం చేయదు, మొక్కల నీడ కమ్ముకుంటది. ఉల్లికి ఈ లెక్క సరిపోదు, దాని ఆకు సన్నం, నిలువుగ ఉంటది, నీడ పడదు, రెండు నెలల దాకా కాపాడాలె, దేవరకద్ర మార్కెట్‌కి ఉల్లి తెచ్చే రైతుని అడిగితే పెట్టుబడిల కలుపు ఖర్చెంతో ఆయనే చెప్తడు. ఇంకోటి, కలుపు మొలకలు రాకముందు కొట్టే పెండిమిథాలిన్ లాంటి మందు ఒకసారి, నెల రోజులైనంక ఒక చేతి కలుపు, ఇట్ల కలిపి చేస్తే రెండు మూడు సార్లు చేతితో తీసినంత దిగుబడి వస్తదని చానా ట్రయల్స్‌ల తేలింది. నేను దీన్ని ఇట్ల చదువుకుంట, మంచి ఫలితం వచ్చిన కాడ గుడ ఒక చేతి కలుపు తప్పలే. ఆ ఒక్క చేతి కలుపుకి మనుషుల్ని యాడికెళ్ళి తేవాలె అనే దానికి పేపర్ల జవాబు లేదు. పైగా ఆ మందు నేల తడి మీద, ఒకటి రెండు రోజుల లోపలనే పడాలె, మన రైతు అరెకరంల టమాటా, పక్కన కొత్తిమీర, గట్టుకి బీర పెడుతడు, ఒకదానికి పడ్డ మందు ఇంకోదానికి పడదు.

ఈ సందులకెళ్ళే గ్లైఫోసేట్ అనే గడ్డి మందు వచ్చింది. అది ఆకు మీద పడి వేరు దాకా దిగుతది, తుంగ గడ్డకి గుడ ఎంతోకొంత తగులుతది, చవుకగ దొరుకుతది. మన దేశంల దానికి అనుమతి ఉన్నది టీ తోటలకి, పంట లేని జాగలకి మాత్రమే. కానీ ఆ మందుని తట్టుకునే, అనుమతి లేని దొంగ పత్తి ఇత్తులతోని ఊరూరికి చేరింది, 2018ల మన రాష్ట్రంల అమ్మకాల మీద ఆంక్షలు పెట్టిండ్రు, 2022 అక్టోబర్‌ల కేంద్రం పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారనే కొట్టాలని ఆర్డర్ ఇచ్చింది. క్యాన్సర్ కారకం అయ్యే అవకాశం ఉన్నదని 2015ల ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వర్గీకరించింది. రూల్ మంచిదే, నాకు దాని మీద ఏ అభ్యంతరం లేదు. నాకున్న బాధ ఏందంటే, వద్దన్నప్పుడు దాని జాగల ఇంకేం చెయ్యాలె అనేది రెండెకరాల బెండ రైతు చేతికి ఎవరూ ఇయ్యలే. నాజిల్‌కి తొడిగిన ఆ డబ్బా అక్కడికెళ్ళి వచ్చింది.

మందుతోని మాకు గుడ ఒకసారి దెబ్బ పడ్డది. పక్కోళ్ళ పంపు అడిగి తెచ్చి టమాటాకి పురుగు మందు కొట్టినం, అంతకుముందు దాంట్ల 2,4-డి అనే గడ్డి మందు కొట్టిండ్రంట, నీళ్ళతోని ఒకసారి కడిగితే చాలనుకున్నం. మూడో రోజుకి కొసలు కిందికి మెలి తిరిగినయి, తర్వాత వచ్చిన ఆకులు సన్నగ దారం లెక్క సాగినయి, మేం వైరస్ అనుకొని ఇంకో మందు కొట్టినం. ఆరు సాళ్ళు పోయినయి. అప్పటిసంది కలుపు పంపు వేరే, పురుగు పంపు వేరే, మూత మీద ఎర్ర పెయింట్ వేసి పెట్టినం.

ఇప్పుడు మల్చింగ్ షీట్ నడుస్తుంది. పైన వెండి రంగు, కింద నలుపు, వెలుగు తగలక కలుపు మొలవది, తడి ఆగుతది, టమాటా, పుచ్చ, మిర్చికి బాగ పనిచేస్తుంది. కానీ తుంగ దాన్ని గుడ సూదిలెక్క పొడుచుకొని పైకొస్తది, పంట అయినంక చినిగిన ముక్కలు ఏరుడు ఇంకో కూలి, ఏరకుండ దున్నితే ఆ ముక్కలు ఏండ్ల తరబడి దుక్కిల తేలుతనే ఉంటయి.

పోయిన ఎండాకాలం నేను నారుమడి మటుకు ఇంకోటి చేసి చూసిన. 1976ల ఇజ్రాయిల్ శాస్త్రవేత్తలు చెప్పిన పద్ధతి, మన పటాన్‌చెరుల ఉన్న అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌ల గుడ 80లల్ల ఎండు తెగులు మీద పరీక్ష చేసిండ్రు. నల్లది కాదు, తెల్లగ అద్దం లెక్క కనపడే పల్చటి షీట్, మడి మంచిగ తడిపి పరిచి, అంచులన్ని మన్నుతోని మూసి, ఏప్రిల్ చివర నుంచి ఐదు వారాలు వదిలిన. మన ఎండల గురించి చెప్పేదేముంది, కింద చెయ్యి పెడితే కాలింది. జూన్ల తీసి ఉల్లి నారు పోసినం. గడ్డి జాతులు, చిన్న ఇత్తు కలుపులు దాదాపు రాలే, తుంగ మాత్రం అక్కడొకటి అక్కడొకటి లేసింది, లోతుకున్న గడ్డలకి ఆ వేడి తగల్లే. దాన్ని అమ్మ, నేను కలిసి కుర్పితోని గడ్డతో సహా తవ్వి తీసినం, గంట గుడ పట్టలే.

పని అయినంక అమ్మ మడంత తిరిగి చూసింది. "దొగ్గలి కూర గుడ ఒక్క మొక్క రాలేదుర" అనుకుంట గట్టు దిక్కు పోయింది, అక్కడ షీట్ పరవలే.