చింతగింజలేసి పాట చేస్తరా? మ్యూజిక్ ప్రొడక్షన్‌ల అపోహలు, వాస్తవాలు

నల్గొండల చిన్న స్టూడియో నడుపుతున్న. ఉన్నది ఒక్కటే రూము, పాడేటోళ్లు దాంట్లనే, నా కుర్చీ దాంట్లనే. జానపదాలు, బతుకమ్మ పాటలు, పెండ్లి బరాత్ ట్రాకులు, ఎలక్షన్లొస్తే పార్టీ పాటలు, ఏ పనొస్తే ఆ పని చేస్త. కీబోర్డ్ పక్కన ఒక స్టీల్ డబ్బ ఉంటది, దాంట్ల నాలుగు చింతగింజ చెక్కలు, కొన్ని కాగితం చీటీలు. పాట ఎక్కడన్న ఇరుక్కుంటే డబ్బ మూత తీసి, గింజలు ఏసో చీటీ తీసో ఏం వస్తే పాటల అది చేసి చూస్త. వచ్చినోళ్లల్ల సగం మంది అది చూసి పరేషాన్ అయితరు, కొత్తగ నేర్చుకునే తమ్ముళ్లు మాత్రం ఇటు నల్గొండ నుంచి అటు పాలమూరు నుంచి ఫోన్ చేసి అడుగుతనే ఉంటరు, అడిగేవి కూడ తిప్పి తిప్పి అవే ఉంటయి, అందుకే ఒక్కసారి కూసొని రాస్తున్న.

అపోహ: పాచికలేసి ట్యూన్ కట్టుడంటే పని రానోళ్లు చేసేది.

వాస్తవం: 1757ల బెర్లిన్‌ల కిర్న్‌బెర్గర్ అనేటాయన, జర్మనీ సంగీతకారుడు బాఖ్ దగ్గర నేర్చుకున్నాయన, పాచికలతోని డాన్స్ ట్యూన్లు కట్టే పుస్తకం అచ్చేసిండు. పేరుమోసిన సంగీతకారుడు మొజార్ట్ చనిపోయినంక 1792ల ఆయన పేరు మీద గసొంటిదే ఇంకోటి వచ్చింది, అది నిజంగ ఆయన చేసిందేనా అని ఇప్పటికీ వాదన ఉంది, అది పక్కన పెడితే ఆట మాత్రం మస్తుంటది. రెండు పాచికలు, 16 బార్ల (బారు అంటే తాళం ఒక సుట్టు) ట్యూన్, ఒక్కో బారుకు 11 ముక్కలు ముందే రాసిపెట్టి ఉంటయి, 2 నుంచి 12 దాక ఏ అంకె పడితే ఆ ముక్క తీసి పక్కపక్కన పెట్టుకుంట పోవుడే. ఎట్ల పడ్డ ట్యూన్ చెడిపోదు. ఎందుకు చెడిపోదు అన్న కాడనే జర ఆగాలె. మూడో బారుకు రాసిన ముక్కలన్నీ మూడో బారు చెయ్యాల్సిన పనే చేస్తయి, ఆఖరు బారుకు రాసినయన్నీ పాటను ఇంటికి తెచ్చి కూసోపెడ్తయి. రాసినాయనకు ఏది ఎక్కడ పొసగుతదో తెల్సు, తెల్సే రాసిండు. విద్య పాచికల లేదు, ఆ పట్టికల ఉంది. నేను కూడ గింజలు చేతుల పట్టుకునే ముందు ఏ అంకెకు ఏం పెట్టాల్నో దాని మీదనే ఎక్కువ సేపు కూసుంట, ఏసుడు ఎంతసేపు, అర నిమిషం పని.

అపోహ: ర్యాండమ్ అంటే అన్నీ ర్యాండమ్ చెయ్యాలె, అప్పుడే కొత్తది పుడ్తది.

వాస్తవం: అన్నీ కదిలిస్తే వచ్చేది లొల్లి. నేను ఒక్కటే కదిలిస్త, మిగిలినయన్నీ గట్టిగ పట్టుకుంట. గింజలతోని ఎట్ల చేస్తనో చెప్త.

రెండు చింతగింజలు సగానికి చీలిస్తే నాలుగు చెక్కలు, ఒక దిక్కు నల్లగ, ఒక దిక్కు తెల్లగ. అష్టాచెమ్మ ఆడినోళ్లందరికి ఎరుకే, ఎన్ని తెల్లగ పడితే అంత లెక్క, నాలుగూ తెల్లగ పడితే చెమ్మ, నాలుగూ నల్లగ పడితే అష్ట. చిన్నప్పుడు మా నాయనమ్మతోని అరుగు మీద ఆడినప్పుడు అష్ట పడాలె అష్ట పడాలె అని ఎంత మొక్కుకున్న రెండే పడేది. ఎందుకు పడేదో ట్రాకులు చేసుడు షురువైనంక లెక్కేసి చూసుకున్న. నాలుగు చెక్కలు పడే తీర్లు మొత్తం 16, అండ్ల రెండు పడేటియి 6, ఒకటి పడేటియి 4, మూడు పడేటియి 4, చెమ్మ ఒక్కటే, అష్ట ఒక్కటే. చెక్క మందాన్ని బట్టి కొంచెం అటిటు అయితది గాని లెక్క ఇదే. పాచిక అయితే ఆరు అంకెలకు సమానంగ ఛాన్స్ ఇస్తది, గింజలు అట్ల కావు, మామూలుది మాటిమాటికి ఇస్తయి, వింతది ఎప్పుడో ఒకసారి ఇస్తయి. మంచి దప్పు కళాకారుడు చేసేది కూడ అదే కదా, దెబ్బ ఎప్పటిలెక్కనే నడుపుతడు, ఎప్పుడో ఒక్కసారి తిప్పుతడు, ఆ ఒక్కసారికే జనం ఊగుతరు.

పోయిన దసరా ముందు ఒక బతుకమ్మ పాట చేస్తున్న, 16 బార్ల చరణం, బీట్ మంచిగనే ఉంది గాని ఎన్నిసార్లు విన్న పోయినేడు చేసిన పాట లెక్కనే ఉంది. గింజలు తీసిన. రెండు పడితే బీట్ ముట్టుకోవద్దు, ఒకటి పడితే గజ్జెలు తీసెయ్యాలె, మూడు పడితే బారు ఆఖర్ల దెబ్బలు రెట్టింపు, చెమ్మ పడితే ఒక కొత్త చప్పుడు కలపాలె, అష్ట పడితే ఆ బారుల వాయిద్యాలు మొత్తం బంద్, గొంతు ఒక్కటే. ఒక్కో బారుకు ఒకసారి ఏసుకుంట కాగితం మీద రాసుకున్న. అష్ట ఏడో బారుల పడ్డది. ఏడో బారుల ఎవ్వరు ఆపరు, నేనైతే ఇన్నేండ్లల్ల ఒక్కసారి ఆపలే, ఆపితే ఎనిమిదిల ఆపుతం లేకుంటే పదహారుల ఆపుతం, చెయ్యి దానంతట అదే అక్కడికే పోతది. రాసుకున్నది రాసుకున్నట్టే పెట్టి ప్లే కొట్టిన. అన్నీ ఒక్కసారి ఆగిపోయినయి, పాడే అక్క ‘ఉయ్యాలో’ అని తీసిన దీర్ఘం ఒక్కటే గాలిల ఉంది, వెనకాల చప్పట్లు కూడ లెవ్వు, మల్ల ఎనిమిదో బారుల దప్పు అందుకుంది. ఆ దీర్ఘం అంతసేపు ఉందని నాకు అప్పటిదాక తెల్వనే తెల్వదు, ఎందుకంటే దాని మీద నేనే ఇన్ని చప్పుళ్లు కుప్పపోసిన. ఆ పాటల గింజలు ఇచ్చిన మిగతా మార్పులల్ల ఎక్కువ శాతం తీసేసిన, ఏడో బారు మాత్రం అట్లనే ఉంచిన.

అపోహ: హ్యూమనైజ్ (దెబ్బలను కొంచెం అటిటు జరిపే బటన్) కొడితే మనిషి వాయించినట్టే వస్తది.

వాస్తవం: రాదు. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌ల పియానో రోల్, అంటే నోట్లు గీసే కిటికీ, తెరిచి ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే ర్యాండమైజ్ డబ్బ వస్తది, వెలాసిటీ, అంటే దెబ్బ బలం, 0 నుంచి 127 దాక ఉంటది కదా దాంట్ల కొంచెం పైకి కొంచెం కిందికి కదిలిస్తది, మంచి టూలే, నేను రోజు వాడ్త. గాని అది ప్రతి దెబ్బను విడివిడిగ కదిలిస్తది, ముందటి దెబ్బ ఏమైందో వెనక దెబ్బకు తెల్వదు. మనిషి అట్ల కాదు, ఒక దెబ్బ తొందరపడితే తర్వాతి దెబ్బ ఆ తొందరను మోస్తది లేకుంటే సర్దుకుంటది. దప్పు పట్టుకున్న అన్న చిర్ర (లావు పుల్ల) దెబ్బ బలంగ ఏసినంక సిటికెనపుల్ల (సన్న పుల్ల) దెబ్బ ఎంత వెనక పడ్తదో నాలుగు బార్లు రికార్డ్ చేసి చూడండి, అది అడ్డదిడ్డం ఉండదు, ఆయన నడకల ఒక తీరు ఉంటది. ర్యాండమ్ బటన్ కొత్త ఆలోచన రావడానికి వాడండి, మనిషికి బదులు వాడొద్దు, మనిషి కావాలంటే మన ఊర్లల్ల వాయించేటోళ్లకు కొదవ లేదు, పిలిచి పైసలిచ్చి వాయింపించుకోండి.

అపోహ: దీనికి ఖరీదైన ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌కు తగిలించే అదనపు టూల్స్) కావాలె.

వాస్తవం: అక్కర్లేదు. ఏబల్టన్ లైవ్ అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ 11 వర్షన్‌ల, అంటే 2021ల, ఒక్కో నోట్‌కు ఎంత శాతం మోగాల్నో పెట్టుకునే ఆప్షన్ ఇచ్చిండ్రు, ఉన్నోళ్లు వాడుకోండి. లేనోళ్లకు చీటీలు చాలు. బ్రయన్ ఈనో అని ఇంగ్లండ్ ప్రొడ్యూసర్, పీటర్ ష్మిట్ అనే పెయింటరు కలిసి 1975ల నూరుకు పైన కార్డులు అచ్చేసిండ్రు, పని ఆగిపోయినప్పుడు ఒక కార్డు తీసి దాంట్ల ఏముంటే అది చేసుడు. నేను వాళ్ల కార్డులు వాడ, నా చీటీలు నేనే రాసుకున్న. ‘బేస్ తీసెయ్’, ‘రెండో చరణం ముందు పెట్టు’, ‘కీబోర్డ్ బంద్, నోటితోని కొట్టు’, ‘ఈ గొంతును ఫోన్‌ల రికార్డ్ చెయ్’, ‘బయటికి పోయి మొదట వినపడ్డ చప్పుడు పట్టుకరా’. ఈ ఆఖరు చీటీ వచ్చిన రోజు ఎదురుంగ పిండిగిర్ని నడుస్తుండె, దాని బెల్టు టప్ టప్ మనే మోత తెచ్చి పిచ్ తగ్గించి కిక్ (బరువైన డ్రమ్ము దెబ్బ) కింద పెట్టిన, ఆ పాటల ఇప్పటికీ అదే ఉంది. మీ చీటీలు మీ అలవాట్లను బట్టి రాసుకోవాలె, నేను బేస్ మీద ఎక్కువ ఆధారపడ్త కాబట్టి బేస్ తీసెయ్ అని రాసుకున్న, మీకు రివర్బ్ (గుహల మోగినట్టు వచ్చే మోత) పిచ్చి ఉంటే రివర్బ్ బంద్ అని రాసుకోండి.

అపోహ: ఏ మెషీన్ దేనికి చేసిండ్రో దానికే వాడాలె.

వాస్తవం: రోలాండ్ కంపెనీ టీబీ 303 అని ఒక డబ్బను బేస్ గిటార్ వాయించేటోళ్లు లేనప్పుడు పనికొస్తదని చేసింది, సరిగ అమ్ముడుపోలే, కొన్నేండ్లకే బంద్ చేసిండ్రు. పాత సామాన్ల అగ్గువకు దొరికితే చికాగో పోరలు కొనుక్కొని బటన్లు ఇష్టమొచ్చినట్టు తిప్పిండ్రు, 1987 కల్ల ఆసిడ్ హౌస్ అని ఒక కొత్త సంగీతమే పుట్టింది. అంతకన్న ముందే 1982ల మన బొంబాయిల చరణ్‌జీత్ సింగ్, హిందీ సినిమాలకు గిటార్ వాయించే ఆయన, అదే డబ్బతోని పది రాగాలు డిస్కో బీట్ మీద వాయించి రికార్డ్ చేసిండు. అప్పుడు ఎవ్వరు పట్టించుకోలే, 2010ల మల్లొచ్చినంక ప్రపంచమంత నోరు తెరిచింది.

అపోహ: తప్పు పడితే డిలీట్ కొట్టాలె. ఇంకొందరు ఉల్టా చెప్తరు, తప్పు దానంతట అదే పాటయితది అని.

వాస్తవం: రెండూ కాదు. 1980 దశకం పాటలల్ల ఢాం అని మోగి ఠక్కున తెగిపోయే డ్రమ్ము ఉంటది కదా, అది ఎట్ల పుట్టింది? లండన్‌ల టౌన్‌హౌస్ స్టూడియోల ఇంగ్లండ్ గాయకుడు పీటర్ గేబ్రియల్ ఆల్బమ్ చేస్తున్నరు, లోపల ఉన్న వాయిద్యగాళ్ల మాటలు బయట కూసున్న ఇంజనీర్‌కు వినపడడానికి ఒక మైకు ఉండేది, మాటలకోసమే కాబట్టి దానికి మస్తు గట్టి కంప్రెసర్ (చిన్న చప్పుడును పెంచి పెద్దదాన్ని అణిచేది) పెట్టి ఉండె. ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ వాయిస్తుంటే ఆ మైకు తెరిచే ఉంది, స్పీకర్లల్ల ఆ చప్పుడు వచ్చింది. ఆ మైకును రికార్డ్ చేసే దారి ఆ మిక్సర్‌ల లేదు, ఇంజనీర్ హ్యూ ప్యాడ్గమ్ వైరింగ్ మార్పించి దారి పెట్టించిండు. మైకు తెరిచి ఉండుడు ఎవ్వరికన్న జరుగుతది, ఎన్ని స్టూడియోలల్ల జరిగి ఉంటదో. వైరు మార్పించి దాన్ని పట్టుకున్నది ఆయన. తప్పును మల్ల కావాలనుకున్నప్పుడు చేయగలిగితేనే అది మీ చేతుల సామాను అయితది, అందుకే ఏదన్న వింతగ వినపడితే ముందు ప్రాజెక్ట్ వేరే పేరు మీద సేవ్ చెయ్యండి, తర్వాత అది ఎట్లయిందో ఎతకండి.

అపోహ: గింజలు ఏం చెప్తే అదే పెట్టాలె, మార్చితే మోసం.

వాస్తవం: అమెరికాల జాన్ కేజ్ అనే సంగీతకారుడు 1951ల చైనా వాళ్ల ఐ చింగ్ అనే జోస్యం పుస్తకం పద్ధతిల నాణేలేసి పియానోకు ముప్పావు గంటకు దగ్గర సంగీతం రాసిండు, పడ్డది పడ్డట్టే ఉంచిండు. తన ఇష్టాయిష్టాలను పక్కకు జరపాలన్నదే ఆయన పట్టుదల, ఆ నిష్ఠకు నేను దండం పెడ్త. మనం చేసేది వేరే, మన పాటకు పెండ్లిల జనం ఎగరాలె. నేను పడ్డదాన్ని ఒక్కసారైతే కచ్చితంగ విని చూస్త, వినకుండ కొట్టెయ్య, విన్నంక మాత్రం ఉంచుడా తీసుడా అన్నది నా చెవి. వెంటనే తేల్చొద్దు, రాత్రి చేసింది పొద్దుగాల వినండి, రాత్రి అద్భుతం అనిపించినయి శానా తెల్లారేసరికి మామూలు అయిపోతయి.

అపోహ: ఇవన్నీ ఇంగ్లిష్ సంగీతానికి, మన జానపదానికి పడవు.

వాస్తవం: ఈ మాట నన్ను ఎక్కువ బాధ పెడ్తది. దప్పును మంట మీద కాచి వాయిస్తరు, చల్లారితే గొంతు దిగుతది, వాన పడితే ఇంక దిగుతది, ఏ రోజు ఏ శృతి వస్తదో చర్మం, గాలి తేలుస్తయి. మన కళాకారులు దాన్ని పట్టుకొనే తరతరాలు వాయించిండ్రు. నాగర్‌కర్నూల్ దిక్కు 12 మెట్ల కిన్నెర చూడండి, ఒక్కో సొరకాయ బుర్ర ఒక్కో తీరు మోగుతది, కీబోర్డ్ గీతల మీద కూసోదు. దాన్ని శృతి సరిచేసే ఆటోట్యూన్‌ల పెట్టి సాపు చేసేటోళ్లే దాన్ని చెడగొడ్తున్నరు.

ఒకటి చెప్త. వేరే స్టూడియోల పాడించిన ఒక అవ్వ గొంతు నాకు ఫైలుగ వచ్చింది. అక్కడ 48 వేల శాంపుల్ రేటుల, అంటే సెకనుకు గొంతును 48 వేల సార్లు కొలిచే లెక్కల, రికార్డ్ చేసిండ్రు, నా ప్రాజెక్ట్ 44,100ల ఉంది, మార్చకుండనే లోపలికి వచ్చేసింది. 98 టెంపోల (నిమిషానికి 98 దెబ్బలు) పాడిన పాట 90కి దిగింది, గొంతు ఒకటిన్నర సెమిటోన్ (కీబోర్డ్‌ల పక్కపక్క మెట్ల మధ్య దూరం) కిందికి పోయింది. నాకు తెల్వదు, అదే ఆమె గొంతు అనుకొని రెండు రోజులు దాని మీదనే పని చేసిన, ఆ బరువు, ఆ నిదానం నాకు ప్రాణం లెక్క అయిపోయింది. గడబిడ తెలిసినంక కూడ సరిచెయ్య బుద్ధి కాలే. గాని పాడింది ఆమె, అడగకుండ ఉంచుడు తప్పు, అందుకే అవ్వను పిలిపించి జరిగింది చెప్పి వినిపించిన.

మొత్తం విన్నది. ‘గొంతు మంచిగనే ఉంది బిడ్డా, ఉండనీ. నడకనే తప్పింది, ఇంత మెల్లగైతే బతుకమ్మ సుట్టు తిరిగేటోళ్ల కాలు లేవదు’ అన్నది. నేను రెండు రోజులు కుర్చీల కూసొని విన్న, కాలు సంగతి నాకు తట్టలే. పిచ్ అట్లనే కింద ఉంచి టెంపో మెల్లమెల్లగ పెంచుకుంట పోయిన, 92, 94, 96, అవ్వ లేసి ఆ చిన్న రూముల నా కుర్చీ సుట్టు చప్పట్లు కొట్టుకుంట తిరుగుతున్నది, 97 కాడ ‘ఆగు, గిదే’ అన్నది.