యూనివర్సిటీలో అధ్యాపక సంఘం పెట్టాలంటే: అపోహలు - వాస్తవాలు

విశ్వవిద్యాలయ అధ్యాపక సంఘాల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. సంఘం పెట్టుకుందామనుకునే మిత్రులు ఫోన్ చేస్తే ముందుగా అడిగేది దాదాపు ఒకటే: "వీసీ గారు ఒప్పుకుంటారంటారా సార్?"

అపోహ: వీసీ అనుమతి లేనిదే సంఘం పెట్టకూడదు.

సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగంలోని 19(1)(సి) అధికరణం ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులుంటే చాలు. దరఖాస్తు వెళ్లేది జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు, యూనివర్సిటీ రిజిస్ట్రార్‌కు కాదు.

యాజమాన్యం గుర్తింపు వేరే సంగతి. అది ఉంటే చర్చలకు పిలుస్తారు, ఆఫీసుకు గది ఇస్తారు. లేకపోయినా సంఘం సంఘమే. ప్రభుత్వ గుర్తింపు లేని సంఘంలో ఉద్యోగులు చేరకూడదన్న సర్వీసు నిబంధనను సుప్రీంకోర్టు 1962లోనే ఓ.కె. ఘోష్ కేసులో కొట్టేసింది. అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల కేసే అయినా, భయపడే మిత్రులకు నేను మొదట చెప్పేది దాని గురించే.

అపోహ: మనదీ కార్మిక సంఘం లాంటిదే, లేబర్ కోర్టుకు వెళ్లొచ్చు.

అప్పట్లో అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం టీచర్లు 'వర్క్‌మెన్' (కార్మికులు) కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే సొసైటీగా రిజిస్టర్ చేసుకోమని నా సలహా.

అపోహ: బైలాస్ (సంఘం నియమావళి) ఫార్మాలిటీ. పక్క యూనివర్సిటీవి తెచ్చి పేరు మార్చుకుంటే సరి.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. పాత బైలాస్‌లో సభ్యత్వం దగ్గర "రెగ్యులర్ పద్ధతిలో నియమితులైన అధ్యాపకులు" అని ఉంటుంది. కాపీ కొట్టేటప్పుడు ఆ మాట ఎవరి కంటా పడదు. దాంతో కాంట్రాక్టు, పార్ట్‌టైమ్, గెస్ట్ అధ్యాపకులంతా బయటే ఉండిపోతారు. నియామకాలు లేని శాఖల్లో క్లాసులు నడిపేది, పేపర్లు దిద్దేది వాళ్లే. నాకు తెలిసిన ఒకచోట వాళ్లను ఓటు లేని అనుబంధ సభ్యులుగా చేర్చుకున్నారు. రెన్యువల్ ఆగిపోయిన రోజున వాళ్ల తరఫున ఒక్క తీర్మానమూ రాలేదు. వాళ్లు వేరే సంఘం పెట్టుకున్నారు. ఆ తర్వాత వినతిపత్రాలు రెండు, బలం సగం. "యూనివర్సిటీలో బోధించే ప్రతి ఒక్కరూ" అని రాసి, ఓటు హక్కు కూడా ఇవ్వండి. ఈ విషయంలో రాజీ పడొద్దని చేతులెత్తి దండం పెడుతున్నాను.

"రెండేళ్లకోసారి ఎన్నికలు" అని రాసి వదిలేయకండి. గడువు దాటినా కార్యవర్గం కదలకపోతే ఎంతమంది సంతకాలతో సర్వసభ్య సమావేశం పెట్టొచ్చో, ఎన్నికల అధికారిని ఎవరు ఎంచుకోవాలో కూడా అందులోనే ఉండాలి. మొదటి సమావేశం మినిట్స్ పుస్తకంలో తేదీ, చోటు, ప్రతి తీర్మానాన్నీ ప్రతిపాదించినవారు, బలపరిచినవారు, హాజరైన వాళ్లందరి సంతకాలు ఉండాలి. తర్వాత ఏ తగాదా వచ్చినా ముందుగా తెరిచేది ఆ పుస్తకమే.

అపోహ: సంఘం ఉన్నది జీతాలు, డీఏల కోసమే.

1915లో అమెరికాలో జాన్ డ్యూయీ తొలి అధ్యక్షుడిగా ప్రొఫెసర్ల సంఘం పుట్టింది, అభిప్రాయం చెప్పినందుకు అధ్యాపకుడి ఉద్యోగం పోకూడదనే పట్టుదలతో. మన దగ్గరా రోజువారీ పని చాలానే ఉంటుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన. టైమ్‌టేబుల్‌లో 22 గంటలు వేస్తే, ప్రొబేషన్‌లో ఉన్న కుర్రాడు ఒంటరిగా వెళ్లి అడగలేడు. సంఘం లెటర్‌హెడ్ మీద కార్యదర్శి సంతకంతో ఉత్తరం వెళ్తే ఆ కుర్రాడి పేరు బయటికి రాకుండానే మాట్లాడొచ్చు.