నెట్‌వర్క్‌లో లూప్: 1985 నాటి పరిష్కారం, ఇంకా తీరని టెన్షన్

2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో నెట్‌వర్క్ కుప్పకూలింది. కొన్ని రోజుల పాటు డాక్టర్లు, నర్సులు మందుల చీటీలు, పరీక్షల ఫలితాలు కాగితాల మీద రాసుకుని చేతుల మీదుగా పంపుకోవాల్సి వచ్చింది. స్విచ్‌ల (కంప్యూటర్ల కేబుళ్లను కలిపే పెట్టెల) మీద స్విచ్‌లు కలుపుకుంటూ పోయిన ఆ నెట్‌వర్క్, కేబుళ్ల దారి చుట్టు తిరిగి లూప్ కాకుండా చూసే స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్ తట్టుకోగల హద్దు దాటిపోయింది. మామూలు టైమర్లతో (ఎంతసేపు ఆగాలో చెప్పే గడువులతో) ఒక కొస నుంచి ఇంకో కొసకు ఏడు స్విచ్‌లు మించకుండా ఉండాలని ఆ ప్రోటోకాల్ ప్రమాణమే సిఫారసు చేసింది.

అసలు చిక్కు, ఆఫీసుల్లో కంప్యూటర్లను తీగలతో కలిపే ఈథర్నెట్ పద్ధతి పుట్టుకలోనే ఉంది. ఇంటర్నెట్‌లో డేటా మోసే ఐపీ ప్యాకెట్‌కు ఆయుష్షు లెక్క ఉంటుంది. ఒక్కో రౌటర్ దాటే కొద్దీ అది తగ్గి, సున్నా అయితే ప్యాకెట్ పోతుంది. ఈథర్నెట్‌లో డేటా మోసే ఫ్రేమ్‌కు అలాంటిదేమీ లేదు. పైగా అందరికీ చేరాల్సిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ వస్తే స్విచ్ దాన్ని, వచ్చిన పోర్ట్ (కేబుల్ గుచ్చే చోటు) తప్ప మిగతా అన్ని పోర్టుల్లోకీ వదులుతుంది. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు వేస్తే చాలు, ఆ ఫ్రేమ్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. అలాంటివి పోగుపడి కాసేపట్లోనే లైను మొత్తం నిండిపోతుంది. అలాగని రెండో కేబుల్ వద్దనుకోలేం. మొదటిది తెగితే దిక్కు అదే కదా!

డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి దారి కనిపెట్టి 1985లో ప్రచురించారు. అదే స్పానింగ్ ట్రీ. 1990లో అది 802.1డి అనే నెట్‌వర్క్ ప్రమాణంలో చేరింది. స్విచ్‌లన్నీ మొదట "నేనే రూట్ (చెట్టుకు మొదలు)" అని చాటుకుంటాయి. తమకంటే చిన్న ఐడీ వినగానే తగ్గిపోతాయి. చివరికి మిగిలిన రూట్ రెండు సెకన్లకోసారి కబురు పంపుతుంది. మిగతా ప్రతి స్విచ్ రూట్ వైపు ఖర్చు తక్కువ ఉన్న దారి ఒక్కటే ఎంచుకుంటుంది, లూప్ చేసే పోర్టులు మూసుకుంటాయి. మూసిన పోర్ట్ కూడా ఆ కబుర్లు వింటూనే ఉంటుంది. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఇదే. పక్కన పెట్టిన కేబుల్ వృథా కాదు, కాపలాగా ఉంటుంది.

రూట్ నుంచి కబురు ఆగిపోతే స్విచ్ 20 సెకన్లు చూస్తుంది. ఆ తర్వాత పోర్ట్ తెరవడానికి 15, 15 సెకన్ల చొప్పున రెండు దశలు. మొత్తం 50 సెకన్ల దాకా పట్టొచ్చు. క్షణం పాటు కూడా లూప్ పడకూడదని అంత జాగ్రత్త. ఫోన్ కాల్స్ కూడా ఇదే తీగ మీద నడిచే రోజులు వచ్చాక ఆ ఆలస్యం భరించలేనిదైంది. పక్క స్విచ్‌తో నేరుగా మాట్లాడుకుని త్వరగా తేల్చుకునే ర్యాపిడ్ పద్ధతి 2001లో వచ్చింది. 802.1డి 2004 కూర్పులో పాతదాన్ని తీసేసి దీన్నే పెట్టారు.

రూట్ ఎంపిక మాత్రం మారలేదు. ఐడీలో ముందుండే ప్రయారిటీ సంఖ్యను ఎవరూ ముట్టుకోకపోతే అన్నిటికీ 32768 ఉంటుంది, అప్పుడు చిన్న మ్యాక్ అడ్రస్ (తయారీలోనే స్విచ్‌కు ఇచ్చే నంబరు) ఉన్నది గెలుస్తుంది. అది మూలన పడి ఉన్న పాత స్విచ్ అయినా సరే, మొత్తం చెట్టు దాని చుట్టూనే అల్లుకుంటుంది. కొత్త ఆఫీసులో నెట్‌వర్క్ పెట్టేవాళ్లు మధ్యలో ఉండే గట్టి స్విచ్‌కు ప్రయారిటీ 4096 అని పెట్టడం ఒక్క లైను పని. చిన్న సంఖ్యదే గెలుపు కాబట్టి అప్పుడు రూట్ అదే అవుతుంది.