ఎస్టాబ్లిష్‌మెంట్ సీటు: గుంటూరు హుజూరు కచేరీ నుంచి విజయవాడ ఆఫీసుల దాకా

సర్వీసు రిజిస్టరు మొదటి పేజీలో ఉద్యోగి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఎత్తు, పుట్టుమచ్చలు, వేలిముద్రలు ఉంటాయి. ఆ తర్వాతి పేజీల నిండా ఇంక్రిమెంట్లు, బదిలీలు, సెలవులు. ఏటా ఒకసారి జీతాల బిల్లులతో సరిచూసి, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు సర్వీసు ధ్రువీకరించామని రాసి ఆఫీసరు సంతకం చేయాలి. విజయవాడలోని ఒక కార్యాలయంలో నేను ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు నడిపే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ చూస్తున్న రోజుల్లో ఒక రికార్డ్ అసిస్టెంట్ రిటైరయ్యారు. ఆయన రిజిస్టరులో ఒక్క ఏడాదికి ఆ సంతకం లేదు. అప్పట్లో ఆయన పనిచేసిన ఊళ్లో పాత బిల్లుల కట్టలు చెదల పాలయ్యాయి. ఆ ఒక్క వాక్యం కోసం ఆయన పూర్తి పెన్షన్ ఎనిమిది నెలలు ఆగింది. ప్రతి సోమవారం వచ్చి నా బల్ల ముందు నిలబడేవారు. కుర్చీ చూపించినా కూర్చునేవారు కాదు. "ఏమైనా వచ్చిందా అమ్మా?" అని మాత్రం అడిగేవారు.

ప్రభుత్వ సంస్థల్లో సీనియర్ మానవ వనరుల విశ్లేషకుడు ఉండాలన్న మాట వినపడినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. మంజూరైన పోస్టులెన్ని, అందులో ఖాళీలెన్ని, రాబోయే ఐదేళ్లలో ఎవరెవరు రిటైరవుతారు, వాళ్ల స్థానంలోకి రావడానికి అర్హులు ఎవరున్నారు, ఏ పనికి ఎంతమంది కావాలి అన్నవి లెక్కగట్టి, పై అధికారి ముందు ఉంచడం ఆ ఉద్యోగి పని. అమెరికాలో నగరపాలక సంస్థలు, కౌంటీలలో ఇది స్థిరపడిన ఉద్యోగం. అక్కడ 1923లో చేసిన ఒక చట్టంతో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలను మనిషిని బట్టి కాకుండా పనిని బట్టి, బాధ్యతను బట్టి వర్గీకరించే పద్ధతి వచ్చింది. ఆ వర్గీకరణ చూసే వాళ్ల నుంచే ఈ వృత్తి ఎదిగింది. మన దగ్గర పేరు కొత్తదే గానీ పని కొత్తది కాదు. అది ఎప్పటి నుంచో ఎస్టాబ్లిష్‌మెంట్ సీటులో కూర్చున్న ఒక సీనియర్ అసిస్టెంటు, ఒక సూపరింటెండెంటు భుజాల మీద ఉంది. వాళ్లకు ఆ పేరూ లేదు, ఆ శిక్షణా లేదు, ఆ మాట చెప్పే అధికారమూ లేదు.

ఈ కథ మొదలు వెతికితే గుంటూరులోనే దొరుకుతుంది. కంపెనీ పాలనలో కలెక్టరు కచేరీని హుజూరు అనేవారు. అక్కడి దేశీయ ఉద్యోగులకు పెద్ద హుజూరు శిరస్తాదారు. కలెక్టర్లు వచ్చేవారు, పోయేవారు. లెక్కలు, భాష, మనుషుల గుట్టుమట్లు తెలిసిన శిరస్తాదార్లు, వాళ్ల బంధువర్గం మాత్రం కదలలేదు. ఎవరిని ఏ తాలూకాకు పంపాలి, ఎవరిని ఉంచాలి, ఎవరిని తీయాలి అన్నది వాళ్ల చేతిలోకి వెళ్లిపోయింది. శిస్తు బకాయిలు పేరుకుపోయాక 1845లో మద్రాసు ప్రభుత్వం వాల్టర్ ఇలియట్‌ను విచారణకు పంపింది. ఆయన తేల్చిన విషయాల్లో డబ్బు గోల్‌మాల్ ఎంత ఉందో, కచేరీ ఉద్యోగుల మీద పై అధికారికి పట్టు లేకపోవడమూ అంతే ఉంది. 1859లో గుంటూరు జిల్లానే రద్దు చేసి కృష్ణాలో కలిపారు. మళ్లీ 1904లో గానీ అది విడి జిల్లా కాలేదు.

మనుషుల గురించిన సమాచారం ఒకరి బుర్రలో ఉంటే ఏమవుతుందో తెలిసిన ప్రభుత్వం ఆ తర్వాత దాన్ని కాగితం మీదికి తెచ్చింది. మద్రాసు ప్రెసిడెన్సీలో టాటన్‌హామ్ పేరు మీద వచ్చిన కార్యాలయ పద్ధతి ప్రకారం ప్రతి గుమస్తాకు ఒక సీటు, ప్రతి సీటుకు ఒక పర్సనల్ రిజిస్టరు, ప్రతి కాగితానికి ఒక నంబరు ఏర్పడ్డాయి. నేటికీ మా ఆఫీసుల్లో మనిషిని పేరుతో కన్నా "ఏ1", "బి2" అని సీటుతో పిలవడం ఆ పద్ధతి మిగిల్చిందే. 1922లో జీతం, సెలవుల వంటి వాటికి ఫండమెంటల్ రూల్స్ వచ్చాయి. 1929లో దేశంలోనే తొలి ప్రాంతీయ సర్వీసు కమిషన్ మద్రాసులో ఏర్పడింది. దానికి రెండేళ్ల ముందే, 1927లో, కమ్యూనల్ జీవో అమలుకు వచ్చింది. ప్రతి పన్నెండు ఉద్యోగాల్లో బ్రాహ్మణేతర హిందువులకు ఐదు, బ్రాహ్మణులకు రెండు, ముస్లింలకు రెండు, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు కలిపి రెండు, అణగారిన వర్గాలకు ఒకటి అని వంతులు వేసింది. ఏ వరుస సంఖ్య (పాయింటు) దగ్గరి ఉద్యోగం ఏ వర్గానికో రాసే ఇప్పటి రోస్టర్ రిజిస్టరుకు తాత ఆ పన్నెండు వంతుల పట్టికే. గుంటూరు హుజూరులో ఒక బంధువర్గం పట్టులో ఉన్న కొలువులు అందరికీ అందాలన్న ఆలోచనకు వరుస సంఖ్యల రూపం వచ్చింది అక్కడే. అది న్యాయమైన మార్పు. దాన్ని తప్పు లేకుండా నడిపే బాధ్యత మాత్రం ఎస్టాబ్లిష్‌మెంట్ గుమస్తాకు అదనంగా చేరింది.

అసలు బరువు పడింది 1975లో. తెలంగాణలో ఉద్యోగాలు అక్కడి స్థానికులకే ఇవ్వాలన్న ముల్కీ నిబంధనలు చెల్లుతాయని 1972 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చాక జై ఆంధ్ర ఉద్యమం రగిలింది. గుంటూరు, విజయవాడ దానికి నెలవులు. ఉద్యోగులు కూడా సమ్మెలో దిగారు. పి.వి. నరసింహారావు రాజీనామా, రాష్ట్రపతి పాలన, 1973 సెప్టెంబరులో ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణం వరుసగా వచ్చాయి. చివరికి 1975 అక్టోబరు 18న రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. అది ఉద్యోగాలను కేడర్లుగా, అంటే నియామకం, సీనియారిటీ, బదిలీ ఒకే హద్దులో జరిగే సమూహాలుగా విడగొట్టింది. జూనియర్ అసిస్టెంటు స్థాయి వరకు జిల్లా కేడరు, 80 శాతం స్థానికులకు. దాని పైనున్న నాన్‌గెజిటెడ్ పోస్టులు ప్రధానంగా జోన్ కేడరు, 70 శాతం స్థానికులకు. పేర్కొన్న గెజిటెడ్ పోస్టుల్లో 60 శాతం.

ఇక్కడ కాస్త ఆగాలి. కృష్ణా జిల్లాను తూర్పు, పశ్చిమ గోదావరులతో కలిపి రెండో జోన్ చేశారు. గుంటూరును ప్రకాశం, నెల్లూరులతో కలిపి మూడో జోన్ చేశారు. ప్రకాశం బ్యారేజి మీద సైకిలు తొక్కుకుంటూ దాటితే జోన్ మారిపోతుంది. గుంటూరు ఆఫీసులో ప్రమోషన్ వచ్చిన మనిషిని దాదాపు మూడు వందల కిలోమీటర్ల అవతల, మద్రాసు దారిలో ఉన్న సూళ్లూరుపేటలో వేయవచ్చు. రైల్లో గంట లోపు చేరే విజయవాడలో ఖాళీ ఉన్నా అక్కడ వేయడానికి వీల్లేదు. విజయవాడ మనిషి తుని వెళ్లవచ్చు, ఏరు దాటి తాడేపల్లి రాలేరు. భార్య ఈ ఒడ్డున టీచరు, భర్త ఆ ఒడ్డున గుమస్తా అయిన ఇళ్లు నాకు చాలా తెలుసు. స్థానికులకు ఉద్యోగాలు దక్కాలన్న ఉద్దేశం మంచిదే. ఆ గీతల వల్ల ఏ జోన్‌లో ప్రమోషన్లు గడ్డకట్టాయి, ఏ జోన్‌లో అర్హులు లేక పోస్టులు ఖాళీగా ఉన్నాయి అన్నది పోల్చి చూసే మనిషి మాత్రం ఏ ఆఫీసులోనూ లేడు. ఎవరి జోన్ సీనియారిటీ జాబితా వాళ్లు టైపు చేయించుకోవడమే. తగాదాలు 1976లో ఏర్పడిన పరిపాలన ట్రిబ్యునల్‌కు వెళ్లేవి. 2020లో దాన్ని రద్దు చేశాక అవి హైకోర్టుకు వెళ్తున్నాయి.

రిటైర్మెంట్ వయసు కథ ఇంకా బాధపెడుతుంది. 1983 ఫిబ్రవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం 58 ఏళ్లను 55కు దించింది. ఉన్నపళంగా ఇంటికి వెళ్లిన ప్రభుత్వోద్యోగులు 18 వేలకు పైగా ఉన్నారని సుప్రీంకోర్టులో నడిచిన కేసు చెబుతోంది. రికార్డులు ఎక్కడున్నాయో తెలిసిన తరం ఒక్క సంతకంతో లేచిపోయింది. మరుసటి ఏడాదే మళ్లీ 58 అయింది. విభజన జరిగిన 2014 జూన్‌లో 60 అయింది. 2022 జనవరిలో 62 అయింది. వయసు రెండేళ్లు పెంచిన ప్రతిసారీ దాదాపు రెండేళ్లపాటు పై కుర్చీలు ఖాళీ కావు. కింద ప్యానెల్, అంటే ప్రమోషన్‌కు అర్హుల జాబితా, కదలదు. మా నిబంధనల్లో ప్యానెల్ సంవత్సరం సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది. ఆ ఏడాదిలో ఎన్ని ఖాళీలు వస్తాయో ముందే అంచనా వేయాలని 1996 నాటి సర్వీసు నిబంధనలే చెబుతున్నాయి. అంటే విశ్లేషణ చేయమని చట్టమే అడుగుతోంది. నేను చూసినంతవరకు ఆ అంచనా అంటే పోయిన ఏడాది కాగితం మీద తేదీలు మార్చడమే.

విభజన చట్టం ప్రకారం జిల్లా, జోన్ ఉద్యోగులు ఎక్కడి వాళ్లు అక్కడే ఉండిపోయారు. రాష్ట్ర కేడరు వాళ్ల పంపకం కమలనాథన్ కమిటీ చూసింది. 2016లో శాఖాధిపతుల కార్యాలయాలు హైదరాబాదు నుంచి కట్టలు కట్టుకుని విజయవాడ, గుంటూరు పరిసరాల్లోని అద్దె భవనాలకు వచ్చాయి. ఆ లారీల నుంచి దింపిన అట్టపెట్టెల్లో కొన్నింటి మీద సెక్షన్ పేరు కూడా లేదు. వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇక్కడి స్థానికత ఇవ్వడానికి రాష్ట్రపతి ఉత్తర్వును ఆ ఏడాదే సవరించారు. 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. 15,004 సచివాలయాలు, లక్షకు పైగా కొత్త ఉద్యోగులు, అంతమంది ప్రొబేషన్లు, అన్ని సర్వీసు రిజిస్టర్లు. మూడు నెలలు తిరక్కుండా, 2020 జనవరి 1న, ఆర్టీసీ సిబ్బంది 50 వేల మందికి పైగా ప్రభుత్వంలో కలిశారు. వాళ్ల నిబంధనలు, జీతాల లెక్కలు, క్రమశిక్షణ పద్ధతి అన్నీ వేరు. వాటిని ప్రభుత్వ చట్రంలోకి తేవడం ఎంత పనో విజయవాడ బస్టాండు ఆవరణలోని ఆర్టీసీ హౌస్‌లో సిబ్బంది విభాగం చూసినవాళ్లను అడగాలి.

2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. గుంటూరు నుంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. విజయవాడ కేంద్రంగా ఎన్టీఆర్ జిల్లా వచ్చింది. బోర్డులు మారాయి గానీ కేడరు గీతలు మారలేదు. 2025 మెగా డీఎస్సీలో 16,347 టీచర్ పోస్టుల లెక్క కూడా ఉమ్మడి జిల్లాల ప్రకారమే సాగింది. మనిషి జీతం ఒక జిల్లాలో, సీనియారిటీ మరో జిల్లా జాబితాలో. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూడాల్సింది మళ్లీ ఆ సీటే. మధ్యలో కంప్యూటర్లు వచ్చాయి. జీతాలు 2018 నుంచి ప్రభుత్వ ఆన్‌లైన్ ఆర్థిక వ్యవస్థ అయిన సీఎఫ్ఎంఎస్‌లో నడుస్తున్నాయి. ఎవరికి ఎంత జమ అయిందో క్షణంలో తెలుస్తుంది. ఎవరికి ఎప్పుడు ప్రమోషన్ రావాల్సి ఉండి రాలేదో మాత్రం ఆ తెర చెప్పదు.

విశ్లేషకుడి పోస్టు అంటే బయటి నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చే కన్సల్టెంటు అని చాలామంది అనుకుంటున్నారు. నేను ఒప్పుకోను. రోస్టర్ తెలియని మనిషి చేసిన అంచనా కోర్టులో ఒక్క వాయిదా కూడా నిలవదు. అకౌంట్ టెస్టు పాసై, పదేళ్లు ఫైళ్లు చూసిన సూపరింటెండెంటుకు లెక్కల పద్ధతులు నేర్పించాలి. ఆ హోదా ఇవ్వాలి. శాఖాధిపతి ముందు కూర్చుని "వచ్చే మూడేళ్లలో మీ దగ్గర సర్వేయర్లు ఉండరు" అని చెప్పగల చోటు ఇవ్వాలి. ఆ చోటు లేకనే మా సీట్లలో తెలిసిన విషయాలు సీటు దాటి పోలేదు.

పోయిన ఆగస్టులో నా తర్వాత ఆ సీటులోకి వచ్చిన అమ్మాయి ఫోను చేసింది. "మేడమ్, 2009 రోస్టర్ రిజిస్టరు ఎక్కడా కనపడటం లేదు. ప్యానెల్ ముప్పై ఒకటి లోపు పంపాలి" అంది. రెండో బీరువా కింది అరలో, పాత క్యాష్ బుక్కుల వెనుక, నీలం గుడ్డలో చుట్టి ఉంటుందని చెప్పాను. అరగంటకు మళ్లీ ఫోను మోగింది. దొరికిందట. ఒక పాయింటు దగ్గర పెన్సిలుతో రాసిన పేరు చెరిగిపోయిందని, అక్కడ ఎవరిని తీసుకున్నారో గుర్తుందా అని అడిగింది. నాకు గుర్తుంది. చెప్పాను.