ఐ7 అయితే చాలా? పాత లాప్‌టాప్ కొనేవాళ్ల అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మా రిపేర్ షాపు కౌంటర్ మీద వారానికి రెండుసార్లైనా ఈ మాట వినపడుతుంది: "అన్నా, ఐ7 తీసుకున్నా, అయినా స్లోగా ఉంది, ఎందుకు?" ఐ7, ఐ5 అనేవి లాప్‌టాప్ లోపలి ఇంటెల్ ప్రాసెసర్ల (చిప్‌ల) పేర్లు. లాప్‌టాప్ తెరిచి చూస్తే చాలాసార్లు ఐ7-7500యు. అదే డబ్బుకి, ఒక్కోసారి ఇంకా తక్కువకే, ఐ5-8250యు దొరికేది. "ఐ5 ఎందుకులే" అని వదిలేసి వచ్చి ఉంటారు.

పోయిన నెల జనగామ వైపు నుంచి ఒకాయన వచ్చాడు. కూతురు బీటెక్ మొదటి సంవత్సరం, కంప్యూటర్ సైన్స్. హైదరాబాద్ వెళ్లి నాలుగు షాపులు తిరిగి, ఐ5 కంటే మూడు వేలు ఎక్కువ పెట్టి మరీ ఈ ఐ7 తెచ్చాడు. ఆ అమ్మాయి ఆండ్రాయిడ్ స్టూడియో (ఫోన్ యాప్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) తెరిస్తే ఫ్యాన్ మోత, పాటలు పెడితే ఆగి ఆగి రావడం. ఆయన గొంతు తగ్గించి అడిగాడు: "నన్ను మోసం చేసిన్రా అన్నా?" లేదు, మోసం కాదు. లోపల ఉన్నది నిజంగా ఐ7 ప్రాసెసరే. చిక్కంతా అక్కడే ఉంది.

అపోహ: ఐ7 ఎప్పుడైనా ఐ5 కంటే పెద్దదే.

వాస్తవం: ఒకే తరంలో, ఒకే రకం చిప్‌లను పక్కపక్కన పెట్టినప్పుడే ఆ మాట నిజం. తరం మారితే లెక్క తలకిందులవుతుంది. 7500యు 2016లో వచ్చిన 7వ తరం చిప్. రెండు కోర్లు (చిప్‌లో పని చేసే భాగాలు), నాలుగు థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనుల వరసలు), 4 ఎంబీ క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ). 8250యు 2017 ఆగస్టులో వచ్చిన 8వ తరం చిప్. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 6 ఎంబీ క్యాష్. రెండూ 15 వాట్ల చిప్‌లే. ఏడాది తేడాతో, పేరులో ఒక మెట్టు కింద ఉన్న చిప్‌కి కోర్లు రెట్టింపయ్యాయి.

7వ తరం దాకా ఇంటెల్ యు సిరీస్‌లో (పేరు చివర యు ఉండే చిప్‌లలో) ఐ5 అయినా ఐ7 అయినా రెండే కోర్లు. ఐ5-7200యు టర్బో (అవసరం పడినప్పుడు అందుకునే గరిష్ఠ స్పీడ్) 3.1 గిగాహెర్ట్జ్, ఐ7-7500యు టర్బో 3.5. క్యాష్ 3 ఎంబీకి బదులు 4. ఆ ఐ7 స్టిక్కర్‌కి జనం అదనంగా పెట్టిన డబ్బు ఈ కాస్త తేడాకే. 2017లోనే ఏఎండీ రైజెన్ రంగంలోకి దిగింది. పోటీ తగిలాకే ఇంటెల్ చేయి కాస్త వదులైందని నా అభిప్రాయం.

పొలం పనితో పోల్చి చెబుతాను, కౌంటర్ దగ్గర కూడా ఇలాగే చెబుతుంటాను. నాట్లు వేయడానికి చురుకైన వాళ్లు ఇద్దరొచ్చారు, ఇంకో మడికి అంతే చురుకైన వాళ్లు నలుగురొచ్చారు. ఏ మడి ముందు అవుతుందో ఎవరూ అడగక్కర్లేదు. కానీ బావిలోంచి ఒక్క బకెట్ నీళ్లు తోడాలంటే నలుగురున్నా తోడేది ఒక్కడే. వర్డ్, టాలీ, ఒకటి రెండు బ్రౌజర్ ట్యాబ్‌లు బకెట్ పని లాంటివి. వాటిలో ఈ రెండు చిప్‌లకూ తేడా దాదాపు తెలియదు, ఒక్కోసారి 7500యు వెంట్రుకవాసి ముందే ఉంటుంది. కోడ్ కంపైల్ చేయడం, వీడియో ఎక్స్‌పోర్ట్, జూమ్ క్లాస్ నడుస్తుండగా ఇరవై ట్యాబ్‌లు తెరవడం, ఇవి నాట్లు. ఆ అమ్మాయి రోజూ వేసేది నాట్లే.

ఆయన ఎదురుగానే షాపులో ఉన్న ఒక 8250యు మెషీన్ తీసి రెండింట్లో ఒకే పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్‌కి పెట్టాను. రెండింటికీ 8 జీబీ ర్యామ్, ఒకే రకం ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా నడిచే స్టోరేజ్). ఐ5 పని ముగిసింది. మేం బయటికెళ్లి టీ తాగి వచ్చాం, ఐ7 ఇంకా తిరుగుతూనే ఉంది. ఆయన ఏమీ అనలేదు. నాకే బాధేసింది, ఎందుకంటే ఈ తప్పు నేనూ చేశాను. 2018లో మా బామ్మర్దికి లాప్‌టాప్ కొనిపెట్టమంటే, పాత స్టాక్ మీద డిస్కౌంట్ అనగానే ఐ7-7500యు ఇప్పించాను. అప్పటికే నేను ఈ పనిలో ఉన్నాను, కోర్లు చూడకుండా ఐ7 అన్న రెండక్షరాలు చూశాను. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికి భోజనాల దగ్గర "మా బావ సెలక్షన్" అని మొదలుపెడతాడు.

ఇంకో మాట. ఐ7 అంటే అన్నీ ఒకటి కాదు, చివరి అక్షరాలు చూడాలి. ఐ7-7700హెచ్‌క్యూ కూడా 7వ తరమే, కానీ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, 45 వాట్లు. అది వేరే జాతి. బరువైన లాప్‌టాప్‌లలో వస్తుంది, బ్యాటరీని గబగబా తినేస్తుంది. ఇటు 8వ తరంలోనే ఐ5-8250యు, ఐ7-8550యు పోల్చుకుంటే రెండింటికీ కోర్లు సమానం, టర్బో 3.4కి 4.0, క్యాష్ 6కి 8. 8550యు మంచి చిప్పే, కానీ వేలకు వేలు ఎక్కువ పెట్టేంత కాదు. ఆ డబ్బుతో ర్యామ్ వేయించుకోండి.

అపోహ: 2.7 గిగాహెర్ట్జ్ అంటే 1.6 కంటే స్పీడ్ కదా.

రెండూ బేస్ స్పీడ్‌లు, అంటే టర్బో లేకుండా నడిచే మామూలు స్పీడ్‌లు. 7500యు 2.7, 8250యు 1.6 అని పెట్టె మీద చూసి హడలిపోతారు. అదే 15 వాట్లను నలుగురు పంచుకోవాలి కాబట్టి కాగితం మీద అంకె తగ్గింది, అంతే. అవసరం పడినప్పుడు 8250యు 3.4 దాకా వెళ్తుంది. ఎక్కువసేపు లోడ్ పడితే వేడెక్కి తగ్గుతుంది, నిజమే. పాత మెషీన్లలో థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని బయటికి పంపే పూత) ఎండి రాయిలా అయి ఉంటుంది, అది మార్పిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

అపోహ: ఇప్పుడు ఇది తీసుకుని తర్వాత ప్రాసెసర్ మార్పిద్దాం.

కుదరదు. ఈ యు చిప్‌లు మదర్‌బోర్డుకు సోల్డర్ చేసి వస్తాయి. ఎవరైనా మారుస్తామంటే, వాళ్లు మార్చేది మదర్‌బోర్డు. ఆ ఖర్చుకు ఇంకో పాత లాప్‌టాప్ వస్తుంది.

అపోహ: విండోస్ 11 ఏదో ఒక ట్రిక్‌తో వేసేయొచ్చు, తరంతో పనేంటి?

వేయొచ్చు, నాకూ తెలుసు, వారానికొకరు యూట్యూబ్ చూసి వచ్చి చెబుతారు. కానీ ఇంటెల్‌లో మైక్రోసాఫ్ట్ మద్దతు, కొద్ది మినహాయింపులు తప్ప, 8వ తరం నుంచే. 8250యు లోపల, 7500యు బయట. మద్దతు లేని మెషీన్‌కి అప్‌డేట్‌ల గ్యారంటీ ఉండదని వాళ్లే చెప్పారు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్‌లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. నమోదు చేసుకుంటే అదనపు సెక్యూరిటీ అప్‌డేట్‌లు 2026 అక్టోబర్ దాకా అని ప్రకటించారు. ఇప్పుడు కొత్తగా డబ్బు పెట్టి 7వ తరం కొనేవాళ్లు ఈ ఒక్క విషయం చూసినా ఆగాలి.

గ్రాఫిక్స్ గురించి అడుగుతారు. 7500యుది హెచ్‌డీ 620, 8250యుది యుహెచ్‌డీ 620. గేమ్స్‌కి రెండూ పెద్దగా పనికిరావు. ముందుకు పోదాం.

ఇప్పటికే 7500యు కొన్నవాళ్లు దయచేసి టెన్షన్ పడొద్దు. లాప్‌టాప్ పాడవ్వలేదు, పారేయక్కర్లేదు. హార్డ్ డిస్క్ ఉంటే ఎస్ఎస్‌డీ వేయించండి, 4 జీబీ ఉంటే 8 గానీ 16 గానీ చేయించండి (ర్యామ్ కొన్ని మోడళ్లలో బోర్డుకే అతికి ఉంటుంది, ముందు అడగండి). ఇంట్లో పిల్లల క్లాసులకు, షాపు బిల్లింగ్‌కు ఇంకా హాయిగా నడుస్తుంది. విండోస్ గొడవ వద్దనుకుంటే లైనక్స్ మింట్ (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోవచ్చు, మా షాపు బిల్లింగ్ మెషీన్ అదే.

ఇక కొనబోయేవాళ్లకు. పామ్‌రెస్ట్ మీది స్టిక్కర్ నమ్మొద్దు, స్టిక్కర్లు విడిగా దొరుకుతాయి. మోడల్ పేరునూ నమ్మొద్దు, ఒకే మోడల్ పేరుతో 7వ తరం, 8వ తరం రెండూ వచ్చిన లాప్‌టాప్‌లు ఉన్నాయి. షాపులోనే ఆన్ చేయించి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర చిప్ పేరు, కోర్లు, లాజికల్ ప్రాసెసర్లు కనిపిస్తాయి. 4, 8 అని ఉండాలి. అమ్మేవాడు "అదంతా ఎందుకు సార్, ఐ7 కదా" అంటే లేచి పక్క షాపుకి వెళ్లండి.

జనగామ ఆయన లాప్‌టాప్‌లో పేస్ట్ మార్చి, ర్యామ్ 16 చేసి ఇచ్చాను. కూతురు నాలుగో రోజు ఫోన్ చేసింది. పాటలు ఆగట్లేదట, ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (లాప్‌టాప్‌లోనే ఫోన్‌లా నడిచే ప్రోగ్రామ్) మాత్రం బద్ధకంగానే ఉందట. ఎమ్యులేటర్ మూసేసి, తన ఫోన్‌నే కేబుల్‌తో కనెక్ట్ చేసి యాప్ టెస్ట్ చేసుకోమన్నాను. "అట్ల గూడ అయితదా అన్నా?" అంది.