పొలం నుంచి వచ్చిన చొక్కా

మా విజయనగరం వైపు వరికి ఆకుముడత తగిలిందంటే చాలు, ఆ వారమంతా ఊరు ఊరంతా మందు వాసనే. మా చిన్నాన్న పొద్దున్నే ట్యాంకు భుజాన వేసుకుని వెళ్ళి, తొమ్మిదింటికల్లా వచ్చి కాళ్ళు కడుక్కుని అరుగు మీద కూలబడతాడు, ట్యాంకు కారి చొక్కా వీపంతా తడిసే ఉంటుంది, మూడేళ్ళ మనవరాలు పరిగెత్తుకొచ్చి ఆ వీపు మీదే ఎక్కేస్తుంది. స్నానం చేసి ఎత్తుకోవచ్చు కదా అంటే, "ఇన్నేళ్ళుగా కొడుతున్నాను, నాకేటైందిరా?" అంటాడు. నిజమే, ఆయన బాగానే ఉన్నాడు. కానీ అరవై ఏళ్ళ మెదడుకీ మూడేళ్ళ మెదడుకీ ఒకటే లెక్క వేస్తే ఎలా?

క్లోరిపైరిఫాస్ లాంటి, ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందులు పురుగు నరాల మీద దెబ్బ కొడతాయి. నరం నుంచి నరానికి కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ని, పని అవగానే ఊడ్చేసే ఎంజైము ఒకటుంటుంది. మందు దాన్ని పట్టేస్తుంది, ఇక కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది, పురుగు చస్తుంది. మనలోనూ అదే ఏర్పాటు. అయితే కడుపులో బిడ్డకి ఈ ఎసిటైల్‌కోలిన్ మేస్త్రీ కూడా: ఏ కణం ఎప్పుడు విడిపోవాలో, ఏ నరం ఎటు పాకాలో చెప్పడంలో దానికీ చెయ్యుంది. కట్టేసిన ఇంట్లో కరెంటు పోతే కాసేపటికి వస్తుంది, గోడలో వైరింగే తేడాగా పడితే ఆ సంగతి వేరు. పైగా ఇలాంటి మందుల్ని విరిచేసే పారాక్సొనేజ్ అనే ఎంజైము పుట్టిన బిడ్డలో తల్లికన్నా బాగా తక్కువ.

కాలిఫోర్నియాలోని సలీనాస్ లోయలో వ్యవసాయ కూలీల కుటుంబాలను బర్కిలీ పరిశోధకులు ఏళ్ళ తరబడి గమనించారు. గర్భంతో ఉన్నప్పుడు మూత్రంలో మందు ఆనవాళ్ళు బాగా ఎక్కువున్న ఐదో వంతు తల్లుల పిల్లలు, బాగా తక్కువున్న ఐదో వంతు తల్లుల పిల్లలకన్నా 7 ఏళ్ళ వయసులో ఐక్యూలో సగటున 7 పాయింట్లు వెనకబడ్డారని 2011లో తేల్చారు. మందే కారణమని అంతమాత్రాన ముద్ర వేసేయలేం గానీ, న్యూయార్క్‌లో బొడ్డుతాడు రక్తంలో క్లోరిపైరిఫాస్ కొలిచిన వాళ్ళకీ ఇలాంటి తేడాయే కనిపించింది. మన ఊళ్ళో అయితే ఆ 7 పాయింట్లని ఎవరూ కొలవరు, "గుంటడికి చదువు అబ్బలేదు" అని ఊరుకుంటారు.

నాకు మాత్రం అంకెలకన్నా మెక్సికో బొమ్మలే ఎక్కువ గుర్తు. అక్కడి యాకీ లోయలో మందులు బాగా కొట్టే ఊళ్ళ పిల్లల్నీ, అంతగా వాడని కొండవార పిల్లల్నీ, అంతా నాలుగైదేళ్ళ వాళ్ళే, ఒక మనిషి బొమ్మ గీయమన్నారు. కొండవార పిల్లలు తల, కళ్ళు, చేతులు, కాళ్ళు గీశారు. లోయ పిల్లల్లో చాలామంది కాగితాల మీద మనిషి లేడు, నాలుగు పిచ్చి గీతలే. 1998లో అచ్చయిన చిన్న అధ్యయనమే అది, అయినా ఆ బొమ్మలు పక్కపక్కన చూస్తే గుండె కలుక్కుమంటుంది.

సలీనాస్‌లో తేడా పుట్టాక తగిలిన మందుతో కాదు, కడుపులో ఉన్నప్పటి దానితోనే ముడిపడింది. అది చదివాక నా కళ్ళు మనవరాలి మీంచి చొక్కా మీదికి మళ్ళాయి. దాన్ని అందరి బట్టలతో కలిపి ఒకే బకెట్లో నానబెట్టి, ఒట్టి చేతులతో ఉతికేది కోడలు, ఆమెకిప్పుడు ఆరో నెల. చెప్పాను. ఇప్పుడు చిన్నాన్న బోరు దగ్గరే స్నానం చేసి, చొక్కా తనే విడిగా ఉతుక్కుని వస్తున్నాడు. నా మాట నమ్మి కాదు, కోడలి పోరు పడలేక.