విమానం దిగిన ముఠాలు

2025 మార్చిలో అమెరికా 200 మందికి పైగా వెనిజులా వాళ్లపై ముఠా ముద్ర వేసి మధ్య అమెరికా దేశం ఎల్ సాల్వడార్‌లోని సెకోట్ అనే భారీ జైలుకు పంపింది. అప్పటి నుంచి ‘మారా’ల, అంటే అక్కడి వీధి ముఠాల, మాట మళ్లీ వార్తల్లో నలుగుతోంది.

ఎల్ సాల్వడార్‌లో అంతర్యుద్ధం, అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌కు జనం వలస, అక్కడి పేటల్లో ఎంఎస్-13 అనే ముఠా పుట్టడం చాలాసార్లు విన్న కథే. అసలు మలుపు 1996. ఆ ఏడాది అమెరికా వలస చట్టాన్ని బిగించింది. చిన్నపాటి నేరం చేసినా దేశం నుంచి పంపేయడం తేలికైంది. పసివాళ్లుగా వెళ్లి అక్కడే పెరిగిన కుర్రాళ్లను, యుద్ధం ఆగి నాలుగేళ్లే అయిన దేశంలో దింపేశారు. పని లేదు, పలకరించే మనిషి లేడు. వెంట తెచ్చుకున్నది గ్యాంగ్ పేరొక్కటే.

వాళ్ల చుట్టూ చేరిన పిల్లల్లో చాలామందిని అమ్మమ్మలే పెంచుతున్నారు. అమ్మానాన్నలు అమెరికాలో ఉండి డబ్బు పంపేవారు. ఆ పిల్లలకు గ్యాంగ్‌లో అన్నలు దొరికారు. మొదట వీధి చివర కాపలా, పోలీసులొస్తే కబురు చేయడం. తర్వాత చేరిక: నలుగురైదుగురు మీదపడి కొడుతుంటే ఒకడు పదమూడు దాకా నెమ్మదిగా లెక్కపెడతాడు. ప్రత్యర్థి ముఠా బారియో 18లో అయితే పద్దెనిమిది. ఆపై కొట్ల దగ్గర, బస్సుల దగ్గర ‘రెంటా’ వసూళ్లు, అంటే మామూళ్లు.

చేరకుండా ఉంటే సరిపోతుందా? గుర్తింపు కార్డు మీద అడ్రస్ ఉంటుంది. అవతలి ముఠా పేటలో ఆపి కార్డు అడిగితే, ఏ తప్పూ చేయని కుర్రాడి ప్రాణం కూడా ఆ అడ్రస్ మీదే ఆధారపడేది.

2003లో ఎల్ సాల్వడార్ ప్రభుత్వం ‘ఉక్కు పిడికిలి’ అంది. పచ్చబొట్టు కనిపిస్తే అరెస్టు. ఆ తర్వాత కొట్లాటలు ఆపడానికి ఒక్కో ముఠాకు ఒక్కో జైలు కేటాయించారు. చెల్లాచెదురుగా ఉన్న నాయకులంతా ఒకచోట చేరి, సెల్‌ఫోన్లతో బయట పేటల్ని నడిపారు. 2015 వచ్చేసరికి ఏడాదికి 6,600కు పైగా హత్యలు.

2022 మార్చిలో మూడు రోజుల్లో 87 మంది హతమయ్యారు. అధ్యక్షుడు బుకేలే అత్యవసర పరిస్థితి విధించి, 80 వేల మందికి పైగా జైల్లో పెట్టించారు. ప్రభుత్వ లెక్కల ప్రకారం 2024లో హత్యలు 114. జనం రాత్రిళ్లు భయం లేకుండా తిరుగుతున్నారు, అది చిన్న విషయం కాదు. కానీ 8 వేల మంది అమాయకుల్ని విడిచిపెట్టామని ఆయనే చెప్పారు. ముఠా కేసైతే పన్నెండేళ్ల పిల్లాడికీ పదేళ్ల దాకా శిక్ష వేయొచ్చని 2022లో చట్టం మార్చారు. మారాలు పిల్లల్ని చేరదీసేదీ ఆ వయసులోనే.

ముప్పై రోజులకని పెట్టిన అత్యవసర పరిస్థితిని నెలనెలా పొడిగిస్తూనే ఉన్నారు. మరియోనా జైలు బయట తల్లులు సబ్బు, మందులు, తెల్ల బట్టలు మూటకట్టి క్యూలో నిలబడుతున్నారు. మూట లోపలికి తీసుకుంటారు. కొడుకు ఎలా ఉన్నాడో మాత్రం చెప్పరు.